సిరంజి గీత దాకా నడిచే లెక్క

కేస్ షీటులో జెంటామైసిన్ 60 మి.గ్రా. అని రాసి ఉంది. ట్రేలోని ఆంప్యూల్ మీద 80 మి.గ్రా./2 మి.లీ. అని ఉంది. సిరంజిలోకి ఎంత లోడ్ చేయాలి? బడిలో నేర్చుకున్న అనుపాతమే ఇది. 60ని 80తో భాగించి 2తో గుణిస్తే 1.5 మి.లీ. వస్తుంది. అయినా ఇంటర్లో మంచి మార్కులు తెచ్చుకుని నర్సింగులో చేరిన అమ్మాయి మొదటి ఏడాది పరీక్షలో దీన్ని తిరగేస్తుంది. 80ని 60తో భాగించి, 2తో గుణించి, 2.67 అని రెండు దశాంశాల దాకా పొరపాటు లేకుండా వేసి, కింద గీత కొట్టి పేపరు ఇచ్చేస్తుంది. భాగహారం ఎక్కడా తప్పలేదు. ఆంప్యూల్ మొత్తంలో ఉన్నదే 2 మి.లీ. కదా, 80 కన్నా తక్కువ మందు కావలసినప్పుడు రెండో ఆంప్యూల్ విరగ్గొట్టాల్సి రావడమేమిటన్న అనుమానం మాత్రం ఆమెకు రాలేదు. ఎలా వస్తుంది? ఆమె ముందు ఆంప్యూల్ లేదు, ఆంప్యూల్ గురించి ఒక వాక్యం ఉంది.

వేల్స్‌లోని అప్పటి గ్లామోర్గన్ విశ్వవిద్యాలయంలో నర్సింగ్ అధ్యాపకుడు కీత్ వీక్స్ ఈ తేడాను పట్టుకున్నారు. విద్యార్థులు రాతలో చేసే మోతాదు తప్పుల మీద ఆయనా, సహచరులూ 2000లో ఒక పరిశీలన ప్రచురించారు. ఆయన పీహెచ్‌డీ కూడా దీని మీదే. ఆ పరిశోధనలోంచి ‘ఆథెంటిక్ వరల్డ్’ అనే కంప్యూటర్ పాఠం పుట్టింది. సహచరుడు నార్మన్ వూలీ తోడై దాన్ని పెంచారు. తర్వాత అది సేఫ్‌మెడికేట్ అన్న పేరుతో నర్సింగ్ కాలేజీలకు చేరింది. నర్సింగ్ విద్యలో కంప్యూటర్ పాఠాలకు కొదవ లేదు. వాటిలో చాలా వరకు పుస్తకంలోని లెక్కలను ఉన్నవున్నట్టు తెర మీదికి ఎక్కించినవే. ఈ ఒక్కదాని దగ్గర నేను ఆగిపోయాను. దీన్ని కట్టినవాళ్ల చేతి పనితనం అలాంటిది.

వాళ్లు చేసిన మొదటి మంచి పని, తప్పును విడదీసి చూడడం. జవాబు తప్పితే మనం అడ్డంగా గీత కొట్టి సున్నా వేస్తాం. వాళ్లు ఆ తప్పు ఎక్కడ పుట్టిందని అడిగారు. మూడు చోట్ల పుట్టవచ్చు. డాక్టరు రాసినదేమిటో, సీసా మీద ఉన్నదేమిటో సరిగ్గా పోల్చుకోక లెక్కను తప్పుగా పేర్చడం ఒకటి. పేర్చింది సరిగ్గానే ఉన్నా కూడికలోనో భాగహారంలోనో దశాంశం దగ్గరో జారడం రెండోది. లెక్క సరిగ్గా వచ్చాక, దాన్ని సిరంజిలోనో మందు కప్పులోనో కొలిచేటప్పుడు తప్పడం మూడోది. పైన చెప్పిన అమ్మాయిది మొదటి రకం. ఆమెకు ఇంకో వంద భాగహారాలు చేయమని ఇస్తే ఏమీ ఒరగదు. భాగహారం ఆమెకు వచ్చు. ఆమెకు కావలసింది 60, 80, 2 అన్న మూడు అంకెలు ఏ వస్తువు మీదివో కళ్లతో చూడడం. రెండో రకం తప్పు చేసే విద్యార్థికి ఎన్ని సీసాలు చూపించినా ప్రయోజనం లేదు. అతను కూర్చుని దశాంశాలు సాధన చేయాలి. మూడో రకానికి పెన్నూ పేపరూ అసలు పనికిరావు. పరీక్ష పేపరులో సున్నా అన్న ఒకే గుర్తు కింద ఈ ముగ్గురూ కలిసిపోయి ఉంటారు. వాళ్లను వేరు చేయగలిగినప్పుడే బోధన మొదలవుతుందని ఈ పాఠం కట్టినవాళ్లు నమ్మారు. నాకూ అదే సబబుగా తోస్తుంది.

ఇక తెర దగ్గరికి వద్దాం. ఒకవైపు మందుల చార్టు ఉంటుంది. వార్డులో ఉండేలాంటిదే: మందు పేరు, మోతాదు, ఏ దారిన ఇవ్వాలి, ఎన్ని గంటలకు. ఇంకోవైపు లేబుల్‌తో సహా సీసా గాని ఆంప్యూల్ గాని మాత్రల పెట్టె గాని. దాని పక్కన గీతలున్న సిరంజి. ప్రశ్నను వాక్యంగా రాయరు. విద్యార్థి చార్టు చదువుకోవాలి, లేబుల్ చదువుకోవాలి, ఏ అంకె ఎందుకు కావాలో తానే ఏరుకోవాలి. లేబుల్ మీద మనకు అక్కర్లేని అంకెలు కూడా ఉంటాయి కదా! వాక్యంలో ఇచ్చిన లెక్కలో ఇచ్చిన అంకెలన్నీ పనికొచ్చేవే. వార్డులో అలా ఉండదు. కావలసిన అంకెను కాని అంకెల మధ్యలోంచి తీయడమే సగం నైపుణ్యం, పాత తరహా ప్రశ్నపత్రం ఆ సగాన్ని విద్యార్థి చేతికి రాకుండానే చేసి పెట్టేస్తుంది.

నాకు బాగా నచ్చిన పని తర్వాతది. నేర్చుకునే దశలో సూత్రంలోని ఒక్కొక్క అంకెనూ అది వచ్చిన వస్తువుతో ముడిపెట్టి చూపిస్తారు. 60 చార్టులోంచి వచ్చింది, 80 ఆంప్యూల్ లేబుల్లోంచి వచ్చింది, 2 ఆ ఆంప్యూల్లోని ద్రవం. జవాబు 1.5 అక్కడితో ఆగదు. సిరంజి ప్లంజర్‌ను ఆ గీత దాకా లాగితేనే లెక్క పూర్తయినట్టు. అంకె వస్తువులోంచి పుట్టి, కాసేపు కాగితం మీద తిరిగి, మళ్లీ వస్తువులోకి వెళ్లిపోతుంది. ఒకసారి ఈ దారి కంటికి అలవాటైతే 2.67 వచ్చినప్పుడు ప్లంజర్ ఎటు లాగాలో తెలియక చెయ్యి తనంతట తానే ఆగుతుంది.

లెక్కలను పేర్చిన వరస కూడా గమనించదగ్గది. మొదట ఒక మాత్రకు ఒక మోతాదు. తర్వాత మోతాదు సీసాలో ఉన్నదానికి సగమో, రెట్టింపో. ఆ తర్వాత సగాలకూ రెట్టింపులకూ లొంగని అంకెలు. ఆపైన మి.గ్రాములను మైక్రోగ్రాములుగా, గ్రాములను మి.గ్రాములుగా మార్చాల్సినవి. అక్కడి నుంచి శరీర బరువును బట్టి మోతాదు, సెలైన్ వేగం. చూడడానికి మామూలు మెట్లే. కానీ ఒక్కో మెట్టు దగ్గర కొత్తగా చేరే కష్టం ఒక్కటే ఉండేలా కట్టారు. అందువల్ల విద్యార్థి తడబడిన చోటు చూస్తే కారణం తెలిసిపోతుంది.

ఈ పాఠానికి వెనకాల ఇంకో పరిశోధన నీడ ఉందనుకుంటాను, లేకపోయినా రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవాలి. సీలియా హోయిల్స్, రిచర్డ్ నాస్, స్టెఫానో పొజ్జి అనే గణిత విద్యా పరిశోధకులు పిల్లల వార్డు నర్సులు మందు లెక్క ఎలా వేస్తారో దగ్గరుండి చూసి 2001లో రాశారు. శిక్షణలో ఆ నర్సులు నేర్చుకున్న సూత్రం, కావలసినదాన్ని ఉన్నదానితో భాగించి, అది ఎంత ద్రవంలో ఉందో దానితో గుణించడం. వార్డులో వాళ్లు చాలాసార్లు ఆ సూత్రం జోలికే పోలేదు. 100 మి.గ్రా./2 మి.లీ. ఉన్న అమికాసిన్‌లోంచి 120 మి.గ్రా. తీయాలంటే 120ని రెట్టింపు చేసి దశాంశాన్ని జరిపేసేవారు: 2.4 మి.లీ. ఆ మందుతో రోజూ పనిచేసి చేసి చేతికి వచ్చిన దారి అది. వాళ్ల జవాబులు సరిగ్గానే ఉన్నాయి. చేయి తిరిగినవాళ్ల లెక్క ఇలాగే ఉంటుంది, అందులో అందం ఉంది. ఇదే అమికాసిన్ మన మందుల షాపుల్లో 250 మి.గ్రా./2 మి.లీ., 500 మి.గ్రా./2 మి.లీ. వయల్స్‌లో కూడా దొరుకుతుంది. 500 వయల్ చేతికొచ్చిన రోజున అదే చేతివాటంతో 2.4 మి.లీ. తీస్తే రోగి ఒంట్లోకి వెళ్లేది 600 మి.గ్రా., రాసినదానికి ఐదింతలు. అప్పుడు తీయాల్సింది 0.48 మి.లీ. కొత్తగా నేర్చుకునే అమ్మాయికి సీనియర్ సిస్టర్ దగ్గరి ఒడుపూ కావాలి, లేబుల్ మారగానే ఆ ఒడుపును పక్కన పెట్టే జాగ్రత్తా కావాలి. ఇది ఒక్క వార్డు నేర్పలేదు, ఒక్క పుస్తకమూ నేర్పలేదు.

తెర ఒక్కటీ కూడా నేర్పలేదు. పనిని తెరకూ, తరగతికీ, ల్యాబుకూ పంచి ఇవ్వడంలోనే మిశ్రమ బోధన బలం ఉంది. తెర దగ్గర ఓపిక ఎక్కువ. రాత్రి పదకొండింటికి హాస్టల్ గదిలో ఫోను పట్టుకుని ఒకే లెక్క నాలుగుసార్లు తప్పినా విసుక్కోదు, పక్కవాళ్లకు చెప్పదు, తప్పు ఏ రకమో వెంటనే చూపిస్తుంది. లెక్కలంటే చిన్నప్పటి నుంచీ భయపడుతూ వచ్చిన పిల్లలు నర్సింగులో చాలామంది ఉంటారు. నలుగురిలో లేపి అడిగితే వాళ్ల మెదడు మొద్దుబారుతుంది. వాళ్లకు ఆ ఏకాంతం పెద్ద మేలు. అయితే దీనికో హద్దు ఉంది. నార్వేలో నర్సులను రెండు గుంపులుగా చేసి ఒక గుంపుకు తరగతిలో, మరో గుంపుకు కంప్యూటర్ మీద మోతాదు లెక్కలు నేర్పారు. 2014లో బీఎంజే ఓపెన్ పత్రికలో వచ్చిన ఆ ఫలితాల్లో మొత్తం మీద రెండు పద్ధతుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మొదట్లోనే బాగా వెనకబడి ఉన్నవాళ్లకు మాత్రం తరగతి ఎక్కువ మేలు చేసింది. నేను ఈ సంగతిని చాలా ముఖ్యమైనదిగా చూస్తాను. ఖర్చు తగ్గుతుందని టీచరును తీసేసి లింకు పంపే కాలేజీ ఎవరికి అన్యాయం చేస్తుందో ఇందులో స్పష్టంగా ఉంది.

తరగతిలో టీచరు చేయవలసింది తెర చేయలేనిది. పెన్ను ముట్టకముందు అడగాలి: ఈ మందు ఒక ఆంప్యూల్ కన్నా ఎక్కువ పడుతుందా, తక్కువ పడుతుందా? సగం కన్నా ఎక్కువా, తక్కువా? ఆ అంచనా నోటితో చెప్పించాక లెక్క వేయించాలి. పది కిలోల బిడ్డకు కిలోకు 15 మి.గ్రా. చొప్పున పారాసిటమాల్ అంటే 150 మి.గ్రా. అదే 150 మి.గ్రా. కోసం 125 మి.గ్రా./5 మి.లీ. సిరప్ 6 మి.లీ. పోయాలి. 250 మి.గ్రా./5 మి.లీ. సిరప్ అయితే 3 మి.లీ. చాలు. 100 మి.గ్రా./1 మి.లీ. డ్రాప్స్ అయితే ఒకటిన్నర మి.లీ. మూడు సీసాలూ మనిళ్లలో కనిపించేవే. మూడింటినీ బల్ల మీద వరసగా పెట్టి, మొదటి సీసా కొలతను మూడో సీసాకు వాడితే ఏమవుతుందని అడిగితే, డ్రాప్స్ 6 మి.లీ. అంటే 600 మి.గ్రా. అని పిల్లలే చెబుతారు. చెప్పాక తరగతి ఒక్క క్షణం నిశ్శబ్దమవుతుంది. సూత్రం కంఠతా పట్టించే కోచింగ్ తరహా బోధనలో ఆ క్షణానికి చోటే లేదు.

స్కిల్ ల్యాబుకు మిగిలేది చేతి పని. పైన 0.48 మి.లీ. అన్నాం కదా. దాన్ని 5 మి.లీ. సిరంజిలో కొలవాలంటే కుదరదు, ఆ సిరంజి మీద చిన్న గీతలు 0.2 మి.లీ. చొప్పున ఉంటాయి. నూరో వంతు గీతలున్న 1 మి.లీ. సిరంజి తీసుకోవాలి. సరైన జవాబు వచ్చినా ఏ సిరంజి ఎంచుకోవాలో తెలియకపోతే ఆ జవాబు అక్కరకు రాదు. గాలి బుడగను తట్టి పైకి తెచ్చి బయటికి పంపాక మిగిలిన మందే అసలు మోతాదు. ప్లంజర్ రబ్బరుకు ఏ అంచు దగ్గర చదవాలో, మందు కప్పును కంటి ఎత్తుకు తెచ్చి ఎలా చూడాలో వేళ్లకు, కళ్లకు అలవాటు కావాలి. పొడి మందు వయల్లో డిస్టిల్డ్ వాటర్ కలిపినప్పుడు పొడి కూడా కొంత చోటు ఆక్రమిస్తుంది గనక మొత్తం ద్రవం మనం పోసినదానికన్నా కాస్త పెరగవచ్చని చేత్తో కలిపినవాళ్లకే గుర్తుంటుంది. సెలైన్ కూడా అంతే. 500 మి.లీ. నాలుగు గంటల్లో వెళ్లాలి, మి.లీ.కి 20 చుక్కల సెట్. నిమిషానికి దాదాపు 42 చుక్కలు. తెర మీద 42 అని టైపు చేయడం వేరు, గడియారం ముల్లును ఒక కంట చూస్తూ రోలర్‌ను బొటనవేలితో జరుపుతూ 42కు తేవడం వేరు. అదే సెలైన్ 60 చుక్కల మైక్రో సెట్‌తో పెడితే నిమిషానికి 125. మైక్రో సెట్‌లో నిమిషానికి ఎన్ని చుక్కలో గంటకు అన్ని మి.లీ. అన్న ఒడుపు ల్యాబులో ఒకసారి చుక్కలు లెక్కపెట్టిన పిల్లలకు ఇక మరుపు రాదు.

మన దేశంలో ఈ చేతి పని పాఠానికి ఇన్సులిన్‌ను మించిన ఉదాహరణ లేదు. మన దగ్గర వయల్స్‌లో వచ్చే ఇన్సులిన్ చాలావరకు మి.లీ.కి 40 యూనిట్లు. దానికి తగిన సిరంజి ఎర్ర మూతది. మి.లీ.కి 100 యూనిట్ల ఇన్సులిన్ కూడా ఉంది, దాని సిరంజికి నారింజ రంగు మూత. 40 యూనిట్ల వయల్లోంచి 100 యూనిట్ల సిరంజితో 20 గీత దాకా తీస్తే వచ్చేది 0.2 మి.లీ., అంటే 8 యూనిట్లే. తిరగేసి 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా తీస్తే అర మి.లీ., 50 యూనిట్లు. రోగికి షుగర్ పడిపోయి స్పృహ తప్పడానికి అది చాలు. ఇందులో వేయాల్సిన లెక్కే లేదు. డాక్టరు 20 అన్నాడు, నర్సు 20 గీత దాకా తీసింది. అన్నీ సరిగ్గా చేసినట్టే కనిపిస్తుంది. కీత్ వీక్స్ బృందం విడదీసిన మూడు తప్పుల్లో చివరిదాన్ని ప్రత్యేకంగా ఎందుకు నిలబెట్టాలో ఈ రెండు మూతలు చెప్పినంత బాగా ఏ సిద్ధాంతమూ చెప్పదు.

ఇలాంటి పాఠాన్ని నమ్మవచ్చా అని పరీక్షించిన తీరు కూడా మెచ్చుకోవాలి. స్కాట్లండ్ ఆరోగ్య విద్యా సంస్థ కోసం పరిశోధకురాలు డయానా కోబెన్, వీక్స్, వూలీ, మరికొందరు కలిసి 2010లో ఇచ్చిన నివేదికలో, ఒకే విద్యార్థులకు ఒకే రకం సమస్యలను తెర మీదా, నిజమైన సీసాలూ సిరంజిలతో ల్యాబులోనూ ఇచ్చి పోల్చారు. రెండింటిలో ఫలితాలు చాలా దగ్గరగా వచ్చాయి. తమ వస్తువు పనిచేస్తుందని చెప్పుకోవడానికి తమ పరీక్షనే కొలబద్దగా పెట్టుకోకుండా, సిరంజి పట్టుకునే చేతిని సాక్ష్యానికి పిలిచారు. నిజాయితీ గల కట్టడం అంటే అది.

బ్రిటన్‌లో నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ 2007లో నర్సుగా నమోదయ్యే ముందు మందుల లెక్కల్లో నూటికి నూరు రావాలని పట్టుబట్టింది. 2018 ప్రమాణాల్లోనూ అదే నిలిచింది. మొదట చదివినప్పుడు మరీ కఠినం అనిపించవచ్చు. తొంభై వస్తే పాస్ అంటే పది ఇంజెక్షన్లలో ఒకటి తప్పవచ్చని ఒప్పుకున్నట్టే. నూరు రావాలంటే ఏ టీచరైనా వందమందినీ అక్కడికి చేర్చే దారి వెతకాలి. మన తెలుగు రాష్ట్రాల నుంచి అక్కడికి ఉద్యోగానికి వెళ్లే నర్సులు రాసే కంప్యూటర్ పరీక్షలోనూ 2021 నుంచి లెక్కల భాగాన్ని విడిగా పెట్టారు. ఏళ్ల తరబడి వార్డులో సెలైన్లు పెట్టిన సిస్టర్లు దానికోసం మళ్లీ దశాంశాలు దిద్దుకుంటున్నారు.

మనకు ఆ వేల్స్ సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత ప్రతి కాలేజీకీ ఉండకపోవచ్చు. ఉండాల్సిన అవసరమూ లేదని నా అభిప్రాయం. దాని అసలు పనితనం ఖరీదైన బొమ్మల్లో లేదు. ఆసుపత్రి ఫార్మసీలో ఉన్న వయల్స్‌ను, ఆంప్యూల్స్‌ను, ఎర్ర మూత, నారింజ మూత సిరంజిలను లేబుల్ స్పష్టంగా కనిపించేలా ఫోనుతో ఫొటోలు తీసి, పక్కన కేస్ షీటు మాదిరి పేజీ పెట్టి, జవాబుగా అంకె కాకుండా సిరంజి బొమ్మ మీద గీత గుర్తు పెట్టమంటే సగం పని అయినట్టే. ఆ వారం పిల్లలు చేసిన తప్పులను మూడు కుప్పలుగా విడదీసుకుని శనివారం ల్యాబుకు వెళ్తే ఎవరి దగ్గర కూర్చోవాలో టీచరుకు తెలుస్తుంది. పేర్చడంలో తప్పినవాళ్లకు సీసాలు, భాగహారంలో తప్పినవాళ్లకు కాగితం, కొలతలో తప్పినవాళ్లకు సిరంజి.

ప్రశ్నల వరసలో ఒకటి మాత్రం తప్పకుండా చేర్చాలి. చార్టులో డిగాక్సిన్ 25 మి.గ్రా. అని ఉంటుంది. పెట్టెలో 0.25 మి.గ్రా. మాత్రలు. సూత్రం వేస్తే వంద మాత్రలు అని వస్తుంది, లెక్క ప్రకారం అది సరైన జవాబే. రాసినవాళ్లు సున్నాను, బిందువును వదిలేశారన్నమాట. దీన్ని మొదటి రోజున ఇవ్వకూడదు. పిల్లలకు సూత్రం మీద నమ్మకం కుదిరి, చేయి వేగం అందుకున్నాక ఇవ్వాలి. వంద అని టైపు చేసినవాళ్లను టీచరు పక్కన కూర్చోబెట్టుకుని, వంద మాత్రలు చేతిలో పోసుకుంటే ఎంత ఉంటుందో చూపించాలి. మాత్రల పెట్టె పక్కన పెట్టేసి డాక్టరుకు ఫోను చేస్తానన్న విద్యార్థికి ఆ ప్రశ్నకు పూర్తి మార్కులు వేయాలి.